హోరు తగ్గిన రాత్రి

టార్నీట్ అనే శివారు పేటలో రత్నరాజు అంకుల్ తన గ్యారేజీ అద్దెకిచ్చాడు. యూనివర్సిటీలో చదివే ప్రభుదాసు అక్కడ కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ డబ్బు పుట్టించే క్రిప్టో మైనింగ్ చేసేవాడు. కార్డుల్ని చల్లబరిచే ఫ్యాన్లు రాత్రంతా హోరెత్తినా అంకుల్ విసుక్కోలేదు. "మీ ఆంటీ ఇండియాలో ఉందిగా, డిస్టర్బ్ అయ్యేదెవర్రా?" అన్నాడు.

ఆ రాత్రి ప్రభుదాసు కార్డులకు వెళ్ళే కరెంటు కాస్త కాస్తగా తగ్గించాడు. పని తగ్గకుండానే వేడి తగ్గింది. ఫ్యాన్లు నెమ్మదించాయి.

గోడవతల, అంకుల్ ఇంట్లో, ధన్‌మని దెబ్బ వినబడింది. "చంపకయ్యా!" ఇండియాలో ఉందనుకున్న ఆంటీ గొంతే. మరో దెబ్బ పడింది. తర్వాత మూలుగు కూడా లేదు.

గ్యారేజీ తలుపు తెరుచుకుంది. అంకుల్ చేతిలో సుత్తి ఉంది, చొక్కా నిండా నెత్తురు.

"ఫ్యాన్లు స్లో అయ్యాయేంట్రా అబ్బాయ్? ఫుల్ పెట్టు."

ప్రభుదాసు ఫుల్ పెట్టాడు, హోరు మళ్ళీ లేచింది. అంకుల్ లోపలినుంచి గడియ వేశాడు. ఆ చప్పుడు ప్రభుదాసుకే వినబడలేదు.