ఎండుటాకు

కార్చిచ్చు సగం అడవిని నాకేసి, వాన పడ్డాక ఆరింది. కాలిన జంతువులన్నీ వాగొడ్డుకు చేరాయి. వైద్యం తెలిసింది ముంగిస సూరమ్మ ఒక్కదానికే. నూరిన పసరేమో దోసెడే ఉంది. అందుకని ముందు చూడాల్సినవాళ్ల మీద ఎర్రచిగురు, ఆగగలిగినవాళ్ల మీద పచ్చాకు, ఎంత పసరు పూసినా దక్కనివాళ్ల మీద ఎండుటాకు పెడుతూ పోయింది.

తోక కాలిన నెమలికి పచ్చాకు పడింది.

"నాకు పచ్చాకా? ఈ అడవికే అందం నేను!" అని గగ్గోలు పెట్టింది. సూరమ్మ అటు తిరగ్గానే, స్పృహ లేని కుందేలు మీది ఎర్రచిగురు లాగి తన రొమ్ము మీద పెట్టుకుంది.

అది చూసి సూరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఒక్క దూకు దూకి చిగురు లాక్కుంది.

"అరవడానికి ఊపిరుంది, దొంగతనానికి ఓపికుంది, కాసేపు ఆగడానికేం రోగం నీకు? ఆ కుందేలు మూలగడానికి కూడా ఓపిక లేక పడి ఉంది, కనపడలేదా?"

"నీకసలు జాలే లేదు. నీవాళ్లయితే ఇలాగే ఆగమంటావా?" అంది నెమలి.

సూరమ్మ కుందేలుకు పసరు పూస్తూనే తోకతో పక్కకు చూపించింది. అక్కడో ముసలి ముంగిస రొప్పుతోంది. దాని రొమ్ము మీద ఎండుటాకు ఉంది.

"మా అమ్మ. ఆ ఆకు పెట్టింది నేనే. ఇప్పుడు చెప్పు, నీకు ఏ ఆకు కావాలి?"