నాలుగు పుల్లలు

“సారూ, నాలుగు పుల్లలిస్తరా? ఇంటి ముంగట పెట్టుకుంట.”

కంచె అవతల నిలబడి ఓ ముసలాయన అడిగాడు. పేరు బుచ్చయ్యట. మాసిన పంచె, చేతిలో కర్ర.

రాఘవయ్య తలెత్తి చూశాడు. బ్యాంకులో రిటైరయ్యాక మామిడిపల్లిలో రెండెకరాలు కొని షిరాజ్ ద్రాక్ష పెట్టిన మనిషి ఆయన. అది తినే ద్రాక్ష కాదు, ఎర్ర వైన్‌కు పనికొచ్చేది. మొక్కలు రాజేంద్రనగర్ పరిశోధన తోట నుంచి తెచ్చానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

అది 2012 అక్టోబరు. తీగలు కత్తిరించి, ఆ పుల్లల్ని కుప్పపోసి తగలబెట్టబోతున్నారు.

కాల్చేవే అయినా ఇవ్వబుద్ధి కాలేదు. నాటితే బతికే పుల్లలవి. చుట్టుపక్కల ఆ జాతి తనొక్కడి దగ్గరే ఉండాలని ఆయన కోరిక.

“ఊరికే పంచిపెట్టడానికి తేలేదు పెద్దాయనా. వెళ్లండి.”

బుచ్చయ్య కుప్ప అంటుకునేదాకా చూసి వెళ్లిపోయాడు.

వెళ్లాడు గానీ రావడం మానలేదు. రెండ్రోజులకోసారి కంచె దగ్గర హాజరు.

ఫిబ్రవరికి గుత్తులు నల్లబడ్డాయి. పండ్లు మాత్రం బఠాణీ గింజంత. రాఘవయ్యకు గుబులు పట్టుకుంది. మార్చిలో వైన్ కంపెనీ మనిషి వస్తాడు. నచ్చితే పదేళ్ల ఒప్పందం. నచ్చకపోతే తోట పీకేసి ప్లాట్లు చేయడమే. బ్రోకర్లు అప్పుడే గేటు చుట్టూ తిరుగుతున్నారు.

పనివాడు యాదగిరి ఇదివరకు తినే ద్రాక్ష తోటల్లో చేశాడు. నీళ్లు దండిగా పెడితే పండు ఊరుతుందన్నాడు. పెట్టారు.

అది చూసి బుచ్చయ్య ఊరుకోలేకపోయాడు.

“నీళ్లు బంద్ చెయ్యి సారూ. ఇది చిన్నగనే ఉంటది. తోలు మందం. నమిలితే ఆఖర్ల మిరియం లెక్క ఘాటు. గదే దీని బలం. నీళ్లు తాపితే ఘాటు పోతది.”

“మీరెప్పుడైనా వైన్ తాగారా?”

“లేదు సారూ. కల్లు గూడ ముట్ట.”

రాఘవయ్య నవ్వాడు. పుల్లే ఇవ్వనివాడు సలహా పుచ్చుకుంటాడా? ఇంకోసారి కంచె దగ్గర కనిపిస్తే పోలీసులకు చెబుతానన్నాడు. బుచ్చయ్య మళ్లీ ఆయన కంటబడలేదు.

మార్చి చివర్లో కంపెనీ నుంచి దుర్గేష్ వచ్చాడు. సాలు సాలుకూ ఒక పండు కొరికి, నమిలి, ఉమ్మేశాడు. పండు లావెక్కింది గానీ లోపలంతా నీళ్లేనన్నాడు. రాఘవయ్య మొహం వాడిపోయింది.

కంచె పక్కనున్న చివరి సాలు దగ్గర మాత్రం దుర్గేష్ ఆగిపోయాడు. మరో పండు నోట్లో వేసుకున్నాడు. తొక్క నలిపితే వేళ్లకు నల్లటి రంగు అంటుకుంది.

“షిరాజ్ అంటే ఇదండీ. ఈ ఒక్క సాలుకు ఏం చేశారు?”

రాఘవయ్యకు తెలియదు. యాదగిరి తల దించుకున్నాడు.

“గా తాత చేసిండు సారూ. పొద్దుగాల మీరు రాకముందే వచ్చి, కంచెల చెయ్యి పెట్టి గీ సాలు నల్లా తిప్పి నీళ్లు బంద్ చేసేటోడు. మీకు చెప్తే పోలీసుల్ని పిలుస్తరని చెప్పలే.”

వచ్చే ఏడు తోటంతా ఇలా పండిస్తే సంతకం పెడతానన్నాడు దుర్గేష్. ఆ తాతను మాత్రం వదులుకోవద్దని చెప్పి వెళ్లాడు.

రాఘవయ్య నాలుగు పుల్లలు కోసుకుని, వాకబు చేసుకుంటూ శంషాబాద్ వెళ్లాడు. ఓ కిరాయి గది. గడపలో బుచ్చయ్య భార్య శివమ్మ కూర్చుని ఉంది. ఆయన పోయాడనీ, దినాలు కూడా మొన్ననే అయ్యాయనీ చెప్పింది.

రాఘవయ్య ఇంత చిన్నపని ఐదు నెలల కిందటే ఎందుకు చేయలేకపోయానా అని సిగ్గుపడ్డాడు. పుల్లలు ఆమె చేతిలో పెట్టాడు.

శివమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి గుర్తుపట్టింది.

“గిప్పుడు విమానాలు దిగే కాడ మా తోట ఉండె సారూ. గీ జాతి గా తోటలనే ఉండె, రాజేంద్రనగర్ తోటోళ్ల కాడ గూడ లేకుండె. మా తోట పోయేటప్పుడు, జాతన్నా బతకాలని పుల్లలు మోపు గట్టుకపోయి ఆళ్లకు ఉత్తగనే ఇచ్చొచ్చిండు.”