తిరిగి ఇవ్వని జాగా

"మెమరీని నీ డ్రైవరే తింటోంది! ఇంకెన్నాళ్ళు బుకాయిస్తావ్?"

మేనేజర్ అరుపుకి హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సర్వర్ కుప్పకూలడం ఆ వారంలో అది మూడోసారి. లోపల కెర్నెల్లో, అంటే మెషిన్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రాములో, ఏదో భాగం మెమరీలో జాగా తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు.

సర్వర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే ప్రోగ్రాము, ఆ డ్రైవర్, రాసిన ఇంజనీరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నాది కాదని మూడు రోజుల్నించీ మొత్తుకుంటున్నాను సార్."

"అయితే తీసేసి చూపించు."

"తీస్తే సర్వర్‌కి నెట్‌వర్కే ఉండదు. మీకూ తెలుసు."

"నాకు తెలిసింది ఇదీ!" ఆయన తన స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. మిగిలిన మెమరీ ఎంతో చూపే మీటరది. ఆయన స్వయంగా కెర్నెల్లో రాసుకున్నాడు. రిఫ్రెష్ టపటపా నొక్కాడు. అంకె తగ్గింది. "చూశావా? కళ్ళముందే పోతోంది. నా మీటర్ అబద్ధం చెప్పదు. నాలుగింటికి దొంగని చూపించు. లేదంటే బ్యాగు సర్దుకో."

ఆమె పళ్ళు కొరుకుతూ ట్రేసింగ్ పెట్టింది. ఇక కెర్నెల్లో ఏ భాగం జాగా అడిగినా దాని పేరు జాబితాలో నమోదవుతుంది. తిరిగి ఇస్తే కొట్టివేత పడుతుంది. కొట్టివేత పడని పేరే దొంగ.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళిన గంటలో మెమరీ ఒక్క చుక్క కూడా పోలేదు. తిరిగి రాగానే మళ్ళీ మొదలైంది.

"దొంగ కూడా భోంచేసి వచ్చినట్టున్నాడు" అన్నాడు పక్క సీటతను.

మేనేజర్ ఎగిరి గంతేశాడు. "అందరూ లేచి వెళ్తే నెట్‌వర్క్‌కి పనేముంది? నీ డ్రైవర్ ఖాళీగా కూర్చుంది, అందుకే ఆగింది. ఇంకేం రుజువు కావాలి?"

హాలంతా తలలు వంచుకుంది. ఆమె ముఖం జేవురించింది. తన స్క్రీన్ వైపు తిరిగిపోయింది.

పావుతక్కువ నాలుగింటికి జాబితా తెరిచింది. ఆమె డ్రైవర్ తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేసింది. కొట్టివేత పడనిది ఒకే ఒక్క పేరు, పదకొండు వేల సార్లు. రెండుసార్లు చదివింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని విసవిసా నడిచింది.

మేనేజర్ ఒక చేత్తో ఆమెని ఉద్యోగంలోంచి తీసేస్తూ రాసిన ఉత్తరం పట్టుకుని, రెండో చేత్తో రిఫ్రెష్ నొక్కుతూనే ఉన్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. ఒక్క నిమిషం మౌస్ మీంచి చెయ్యి తీయండి."

విసుక్కుంటూ తీశాడు. ఆమె ల్యాప్‌టాప్‌లో పరుగెడుతున్న, కొట్టివేత పడని వరసలు టక్కున ఆగాయి.

"ఇప్పుడు ఒక్కసారి నొక్కండి."

నొక్కాడు. ఒక్క వరస వచ్చి చేరింది.

"మీ మీటర్ అబద్ధం చెప్పదు సార్" అంది ఆమె, హాలంతా వినేట్టు. "ఎంత మిగిలిందో చూపించిన ప్రతిసారీ, కొంత తనే మింగేస్తుంది."