మొదటి చలికాలం

నార్వేలో ఇప్పుడు కట్టడాల లెక్కలన్నీ యంత్రాలే వేస్తాయి, మనుషులకి మిగిలింది సంతకమే. సంతకం పెట్టిన ఇంజనీరు ఆ మేడలో మొదటి చలికాలం ఒంటరిగా కాపురముండాలన్నది అక్కడి నిబంధన. అలా వకుళ పన్నెండంతస్తుల ఖాళీ మేడలో చేరింది.

ఆ మేడ మాట్లాడే యంత్రమేడ; నేల మీద పడే బరువును బట్టే దానికి మనుషులు తెలుస్తారు. "హాలు నలభైమందికని కట్టారు కదా వకుళగారూ, ఎవరైనా వస్తున్నారా?" అని మేడ రోజూ తెలుగులోనే అడిగేది.

ఒక సాయంత్రం వకుళ ఉండబట్టలేక, "నలుగురొస్తున్నారు" అనేసింది. పులిహోర కలిపి, నాలుగు కంచాలు వేసి, ఖాళీ కుర్చీలతో చాలాసేపు కబుర్లాడింది. మేడ హాలంతా వెచ్చగా ఉంచింది.

మర్నాడు ఆమె కాఫీ కలుపుకుంటుంటే మేడ నెమ్మదిగా అంది.

"మీవాళ్లు ఎంత మెత్తగా నడిచారండీ, నా నేలకి బరువే తెలియలేదు. ఇవాళ కూడా పిలవండి."