వైరస్ పుట్టిల్లు

“రాసుకోండి డాక్టరమ్మా. జబ్బు తెచ్చింది ఆ ఎదురింటివాళ్లే. ఊళ్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు,” అంది విల్మా, రొట్టెపిండి ముద్దను బల్ల మీద దబ్బున వేస్తూ.

“మీరు చెప్పాకే కదండీ వాళ్లు చెబుతున్నది,” అంది ఎమొకే.

ఎమొకే బుడాపెస్ట్‌లో పక్షుల జబ్బుల లాబొరేటరీలో పనిచేస్తుంది. జబ్బు మొదలైనప్పుడు చచ్చిన బాతుల గొంతుల్లోంచి నమూనాలు తీసుకుపోయిన పిల్ల, ఇవాళ ఫలితాలతో తిరిగొచ్చింది. విల్మా పెద్దబాతుల కొట్టం, రోడ్డుకవతల దెజో, అతని పెళ్లాం తెరేజ్‌ల బాతుల కొట్టం, రెండూ ఖాళీగా ఉన్నాయి. బర్డ్ ఫ్లూ అని తేలగానే తెల్ల తొడుగులవాళ్లు వచ్చి, కూత కూసేదాన్ని ఒక్కదాన్నీ మిగల్చకుండా చంపి, సున్నం చల్లి పోయారు.

కిటికీలోంచి దెజో ఇంటిముందు లారీ కనబడుతోంది. మంచాలు ఎక్కాయి, ఇనప పొయ్యి ఎక్కుతోంది. రొట్టెల కొట్టువాడు తెరేజ్‌కి రొట్టె చేతికివ్వడం మానేసి బల్లమీదికి విసురుతున్నాడు. చర్చిలో ఆ మొగుడూ పెళ్లాలు కూర్చున్న వరసలో ఇంకెవరూ కూర్చోవడం లేదు. ఇంత పనీ విల్మా నోరొక్కటే చేసింది. ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది.

“వాళ్లు వెళ్లిపోతున్నారేమిటి?” అంది ఎమొకే. “ఫలితం వినేదాకా అయినా ఆగాల్సింది.”

“నేనేమన్నా మెడపట్టి గెంటానా? కాళ్లున్నాయి, పోతున్నారు. బాతుల్ని చెరువులో వదిలాడా మహానుభావుడు. అవి అడవి బాతులతో జలకాలాడి జబ్బు తెచ్చాయి. ఇందులో మీ చదువులకు తేల్చడానికేముంది?”

విల్మా గోడకున్న మేకు మీంచి పెద్దబాతు రెక్క తీసి, బల్లమీద మిగిలిన పిండి ఊడ్చింది. చలిగాలిలో వేలాడదీసి ఆరబెట్టిన రెక్క. ఆ ఊరి వంటిళ్లలో చీపురు లేకపోయినా ఫరవాలేదు గాని రెక్క లేకపోతే పని జరగదు. దాంతోనే బల్ల దులుపుతారు, దాంతోనే మొక్కజొన్న నూక బాతుల బకెట్‌లోకి ఊడుస్తారు. బకెట్‌తో పని లేకపోయినా విల్మా చేతికి ఆ ఊడుపు అలవాటు పోలేదు.

“వైరస్ పిల్లల్ని పెట్టేటప్పుడు ప్రతిసారీ అక్కడో తప్పు, ఇక్కడో తప్పు చేస్తుంది,” అంది ఎమొకే. “ఆ తప్పులు దాని పిల్లలకీ వస్తాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఏది తల్లో, ఏది పిల్లో తెలిసిపోతుంది.”

“నా ముక్కు చూసి మా నాన్నెవరో చెప్పినట్టు.”

“అచ్చం అంతే.”

“అయితే సరే. వాళ్లది తల్లి, మాది పిల్ల. ఆ ముక్క కాగితం మీద పెట్టివ్వండి, పంచాయతీ గోడకి అంటిస్తాను.”

“కాదండీ. చెరువులో అడవి బాతుల్నీ పట్టి చూశాం. వాటిలో వైరస్ వంశమే వేరు. మీ కొట్టంలోదీ, వాళ్ల కొట్టంలోదీ అక్కచెల్లెళ్లు. వాళ్లు మీకు అంటించలేదు, మీరు వాళ్లకి అంటించలేదు.”

విల్మా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “అక్కచెల్లెళ్లయితే తల్లి ఉండాలిగా?”

“ఉంది. షారోష్‌తో అనే ఊళ్లో.”

బల్లమీద రెక్క ఆగిపోయింది.

“అక్కడో కొట్టంలో నవంబరులో, మార్టన్ పండక్కి ముందే బాతులు చచ్చాయట. కొట్టంవాడు బయటికి పొక్కనివ్వలేదు. అక్కణ్ణించి మీ రెండిళ్లకీ విడివిడిగా, ఇంచుమించు ఒకేసారి వచ్చింది. మనిషి వెంటో, బూటు కిందో, గుడ్ల అట్టతోనో. ఈ చలికి వారాల తరబడి బతికే ఉంటుంది.” ఎమొకే కొంచెం ముందుకి వంగింది. “గుర్తు చేసుకోండి. షారోష్‌తో నుంచి మీ ఇంటికీ, వాళ్లింటికీ వచ్చినదేమిటి?”

విల్మా బల్ల ముందు కూర్చుని, రెక్కని బల్ల కిందికి, ఒళ్లోకి దించుకుంది. వేళ్లకంటిన పిండి ఎంత తుడిచినా పోవడం లేదు.

“ఆ ఊరు తూర్పో పడమరో కూడా నాకు తెలీదు,” అంది.

“బంధువులు గాని...”

“చెప్పానుగా! ఆ దెజోనే అడగండి. దారినపోయే లారీవాళ్లందరితో కలిసి తాగేది ఆయనే. ఏ సీసా వెంట ఏమొచ్చిందో!”

“సరే, లారీ కదిలేలోగా ఆయన్నే అడుగుతాను. ఆధారం దొరక్కపోతే ఇక ఆ నింద వాళ్లమీదే మిగిలిపోతుంది, పాపం,” అంటూ ఎమొకే లేచి కోటు అందుకుంది. విల్మా ఊపిరి పీల్చుకుంది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో తెరేజ్. తలకి రుమాలు, కోటుకి పైదాకా గుండీలు, చంకలో న్యూస్‌పేపర్ పొట్లం. జబ్బు మాట పుట్టాక ఆ గడప తొక్కడం ఇదే మొదటిసారి.

“కూర్చోమని చెప్పకు, కూర్చోను. దెజో లారీ ఎక్కేశాడు,” అంది విల్మాతో.

“మరి ఎందుకొచ్చినట్టు?”

“మాట పడి పోయేవాళ్లం, ఒకరి వస్తువు కూడా పట్టుకుపోతే ఇంకేమంటావో అని.”

తెరేజ్ పొట్లం విప్పి బల్లమీద పెట్టింది. పెద్దబాతు రెక్క. ఎమొకే కోటు సగం తొడిగి అక్కడే ఆగింది. ముందు ఆ రెక్కని చూసింది, తర్వాత విల్మా ఒడిని చూసింది.

“మార్టన్ పండక్కి షారోష్‌తో నుంచి మీ అన్న పెద్దబాతుని కోసి పంపితే, రెండు రెక్కల్లో మంచిది ఏరి నాకిచ్చావు. నీ పుట్టింటి సొమ్ము, నీ దగ్గరే ఉంచుకో. ఉన్నమాట చెప్పాలి విల్మా, మా బాతుల తొట్టి ఊడవడానికి ఇంత మంచి రెక్క నాకెప్పుడూ దొరకలేదు.”