ఆఖరి గడి

పొద్దున పది కాకముందే సైనిక క్యాంపులో ఫోన్లన్నీ బంద్ అయ్యాయి.

ఎందుకని ఎవరూ అడగలేదు. ముందువరస పోస్టులో ఎవరో పోయారు. ఆ సంగతి మనిషి స్వయంగా వెళ్లి ఇంటివాళ్లకి చెప్పేదాకా ఇక్కడినుంచి ఒక్క కాల్ కూడా బయటికి పోకూడదు. ఎవరి నోరో జారి, పక్కింటావిడ ద్వారా కబురు ముందే చేరితే అంతకన్నా ఘోరం లేదు. అందుకే ఈ నియమం. అందరూ తిట్టుకుంటారు, అందరూ పాటిస్తారు.

మళ్లీ తెరవమని చెప్పాల్సింది ఒక్కడే, సిబ్బంది విభాగం గుమాస్తా. చాటున అందరూ చిత్రగుప్తుడంటారు. ఎదురుపడితే మాత్రం ‘అన్నా’ అని పిలుస్తారు. పన్నెండేళ్లుగా చావు కాగితాలు రాస్తున్న మనిషితో ఎవడు పేచీ పెట్టుకుంటాడు? భోజనాల దగ్గర అతని పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. అతని ఊరేదో, వెనకా ముందూ ఎవరున్నారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పే రకమూ కాదు.

వైర్‌లెస్‌లో పేరు రాదు, నంబరే వస్తుంది. ఏ నంబరు ఎవరిదో తెలియాలంటే గుమాస్తా గదిలో ఇనపపెట్టె తెరిచి కార్డు తియ్యాలి. తొమ్మిదీ నలభైకి ఆపరేటరు చీటీ తెచ్చి చేతిలో పెట్టాడు. గుమాస్తా నంబరు చదివాడు. పెట్టె జోలికి పోలేదు.

“లైన్లు మూయించు” అన్నాడు.

తర్వాత ఫారం తీశాడు. నంబరు, పేరు, పోస్టు, దెబ్బ తగిలిన చోటు, డాక్టరు మాట. గుండ్రటి అక్షరాలతో అన్నీ నింపాడు. ఆఖరి గడి మిగిలింది. ఇంటివాళ్లలో ఎవరికి, ఏ సమయానికి తెలిసిందో రాయాల్సిన గడి అది. అది నిండితేనే ఫోన్లు తెరుస్తారు.

గుమాస్తా కలం మూతపెట్టి కూర్చున్నాడు.

మధ్యాహ్నం ట్రక్కు డ్రైవరు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అన్నా, మా ఆవిడకి నొప్పులు మొదలయ్యాయని నిన్న మా అత్తగారు చెప్పింది. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేస్తా.”

“లైన్లు మూసున్నాయి.”

“తెలుసన్నా. కానీ...”

“అన్నా అనకు. ఇవాళ్టికి సార్ అను.”

డ్రైవరు బిత్తరపోయాడు. “ఎప్పుడు తెరుస్తారు సార్?”

“ముందు చెప్పాలిగా.”

“ఇంకా చెప్పలేదా?”

“చెప్పలేదు” అన్నాడు గుమాస్తా. తలెత్తలేదు.

డ్రైవరు వెళ్లి బయట మెట్లమీద కూలబడ్డాడు. పక్కనున్న వంటవాడికి ఒళ్లు మండింది.

“పెళ్లాం బిడ్డలుంటే తెలిసేది ఆ బాధ. ఆయన ఒంట్లో రక్తం ఎక్కడిది, సిరా తప్ప” అన్నాడు. కిటికీ తెరిచే ఉంది.

మూడింటికి మేజరే వచ్చాడు.

“ఏంటయ్యా ఇది? ఎప్పుడూ మూడు గంటల్లో అయిపోయేది. ఇల్లు అంత దూరమా?”

“దూరం కాదు సార్.”

“మరి?”

“ఉన్నది ఒక్కరే. డ్యూటీలో ఉన్నారు.”

“అయితే పక్కకి పిలిచి చెప్పమను. నీకు నేను నేర్పాలా?”

నిజమే, నేర్పక్కర్లేదు. చెప్పడానికి వెళ్లేవాళ్ల కోసం గోడకి అంటించిన సూచనలు అతను రాసినవే. ముందు కూర్చోబెట్టండి. మంచినీళ్లు దగ్గర పెట్టండి. ‘పోయాడు’ అన్న మాట మింగకుండా ఒక్క వాక్యంలో చెప్పండి. మనిషిని ఒంటరిగా వదిలేసి రాకండి.

“పక్కన ఉండటానికి ఎవరూ లేరు సార్” అన్నాడు గుమాస్తా. “అందుకే ఆగాను.”

మేజరు కిటికీలోంచి మెట్లవైపు చూశాడు.

“పాపం” అన్నాడు. “అయినా ఎంతసేపని దాస్తాం? బయట వాడు ఏడుస్తున్నాడు చూడు. ఐదింటికల్లా కానిచ్చెయ్.”

“అలాగే సార్.”

ఐదు కావస్తుండగా గుమాస్తా లేచి తలుపు వేశాడు. కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచి బల్లమీద పెట్టాడు. కుర్చీ సరిగ్గా జరుపుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీవంక చాలాసేపు చూశాడు. పెదవులు ఒక్కసారి కదిలాయి. గ్లాసు ఎత్తి, మళ్లీ బల్లమీదే పెట్టేశాడు.

ఎవరైనా తలుపు తడితే బాగుండుననిపించింది. ఎవరూ తట్టలేదు.

ఫోను తీసి ఎక్స్ఛేంజికి చెప్పాడు. “తెరవండి. ఇంటివాళ్లకి తెలిసింది.”

బయట బూట్ల చప్పుడు. ఫోన్ల గదివైపు అందరూ పరుగు. కాసేపటికి గోడ అవతలనుంచి డ్రైవరు గొంతు వినబడింది.

“ఆడపిల్లా? ఇద్దరూ బాగున్నారా? నిజంగా బాగున్నారా?” నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. వంటవాడు టీ పెడతానని కేకేశాడు.

గుమాస్తాకి సంతోషమే వేసింది. ఒక ఇంటికైనా మంచి కబురు వెళ్లింది. తలుపు తీసి ఆ మాట అందామనుకున్నాడు గానీ లేవలేదు.

ఫారం దగ్గరికి లాక్కుని కలం మూత తీశాడు.

ఆఖరి గడిలో సమయం దగ్గర ఉదయం తొమ్మిదీ నలభై అని రాశాడు, వరస దగ్గర అన్న అని రాశాడు, పేరు దగ్గర తన పేరు రాశాడు.