కాఫీ తర్వాత నీళ్ళు

"మిలానో వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఏంటిది బాబాయ్?" అంటూ నా కాఫీ కొట్లో, కాఫీ తాగేసిన సబతీనో చేతిలోని నీళ్ళగ్లాసు పట్టుకున్నాను.

మా నేపుల్స్‌లో నీళ్ళు కాఫీకి ముందు తాగుతారు. తర్వాత తాగితే కాఫీ బాగోలేదని చేసినవాడి మొహాన చెప్పినట్టే.

"నా కాఫీ తాగి నోరు కడుక్కోవాలా? అక్కడి రుచి మరిగావా?"

"అరవకురా మిమ్మో." ఆయన బయటికి చూశాడు. వీధిలో నున్సియా పిన్ని చేపలు బేరమాడుతోంది.

"పెళ్ళానికి భయపడుతున్నావంటే, నువ్వు చెప్పినట్టు మిలానోలో తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళలేదన్నమాట!"

ఆయన పిడికిలి విప్పాడు. అరచేతిలో తెల్లటి మాత్ర.

"వెళ్ళింది ఆసుపత్రికిరా. కడుపులో ఏదైనా పడ్డాకే ఇది వేసుకోవాలి. ఇంట్లో అయితే మీ పిన్ని చూస్తుంది. చెప్పకు."

గ్లాసు వదిలేశాను.

మర్నాడు ఇద్దరూ కలిసి వచ్చారు. పిన్ని ముందు ఒకటి, ఆయన ముందు రెండు గ్లాసుల నీళ్ళు పెట్టాను.

పిన్ని కళ్ళు చిట్లించింది. "ఈయనొక్కడికే రెండెందుకు?"

"ఊళ్ళు తిరిగొచ్చాడుగా పిన్నీ, రుచులు మారాయి."

ఆమె నన్ను చూసింది. ఆయన మూసిన పిడికిలినీ చూసింది. తన గ్లాసు కూడా ఆయన ముందుకు జరిపింది.

"ఇవి కూడా తాగమను. ఆ మాత్ర గొంతుకు అడ్డం పడుతుంది."